మంచు ఊళ్లో గాలి దూరని గది

నా తల పైన, చెక్క పలకల మీద ఒక రాయి పడింది. టక్కుమంది, దొర్లింది, గోడ దాకా వెళ్లి ఆగింది. ఎవరూ దాన్ని తీయలేదు.

మధ్యాహ్నం మూడు దాటి ఉంటుంది. పొద్దుటి నుంచి ఆగకుండా మంచు కురుస్తోంది. నేను కింద వంటగదిలో తడిసిన మేజోళ్లు పొయ్యి చుట్టూ ఆరేస్తున్నాను. పై గదిలో పిల్లలు కోవిల్‌పట్టి నుంచి గుడ్డ సంచిలో తెచ్చుకున్న అయిదు రాళ్లతో అచ్చనగిల్లలు ఆడుతున్నారు. అన్నం తిన్నప్పటి నుంచి ఆ చప్పుడు వింటూనే ఉన్నాను. రాయి చేజారితే ఆట పోయినట్టే. చేజారిన ప్రతిసారీ జయ గెలిచానని అరుస్తుంది, ముత్తు కాదంటుంది, ఇల్లు అదిరిపోయేట్టు పోట్లాట. ఈసారి రాయి దొర్లింది గానీ ఎవరూ అరవలేదు. నవ్వలేదు. తీయడానికి లేచిన అడుగుల చప్పుడు కూడా లేదు.

చేతిలో మేజోడుతో అలాగే నిలబడిపోయాను. ఏం జరిగిందో తెలియదు. ఏదో జరిగిందని మాత్రం తెలిసింది. మెట్ల వైపు పరుగెత్తాను.

ఆ మెట్లెక్కాక ఏం చూశానో తర్వాత చెబుతాను. ఆ ఇంట్లోకి, ఆ పనిలోకి నేనెలా వచ్చానో తెలియకపోతే నేను చేసిన తప్పు మీకు అర్థం కాదు.

మంచు తెలియని ఊరి నుంచి

మాది కోవిల్‌పట్టి. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. నాన్న అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పుల్లలను మందులో ముంచే పని చేసేవారు. అమ్మా నేనూ ఇంట్లో కూర్చుని డబ్బీలు అంటించేవాళ్లం. మంచు అంటే నాకు తూత్తుకుడి నుంచి చేపల పెట్టెల్లో వచ్చే ఐసు ముక్కలే. విరుదునగర్‌లో కాలేజీ చదువుతూ ఎన్.సి.సి.లో చేరాను. వాళ్లు ఉత్తరాదికి కొండలెక్కే శిక్షణకు పంపారు. అక్కడ మొదటిసారి మంచు మీద కాలు పెట్టినప్పుడు, ఉప్పు కొటారులో నడుస్తున్నట్టే అనిపించింది. కళ్లు మూసుకుపోయే అదే తెలుపు.

చదువయ్యాక అక్కడికే వెళ్లి పనిలో చేరాను. సైన్యంలో పనిచేసి దిగిపోయిన ఒక సుబేదారు ఒక కొండ ఊళ్లో శిబిరం నడిపేవారు. బళ్ల నుంచి, కాలేజీల నుంచి వచ్చే పిల్లలకు మంచులో నడవడం, తాడు పట్టుకుని దిగడం, మంచు గొడ్డలి వాడడం నేర్పేవాళ్లం. చలికాలం నాలుగు నెలలు అక్కడ, మిగతా ఏడాది ఇక్కడ. ఎనిమిది చలికాలాలు చేశాను. రెండో కాన్పు తర్వాత మోకాలు మొరాయించింది, మానేశాను. ముప్ఫై నాలుగేళ్లకే రిటైరయిందని ఇంట్లో నవ్వుతారు.

ఈ ఏడు విరుదునగర్ కాలేజీ నుంచి ఇద్దరు అమ్మాయిలు ఆ పనికి వెళ్తున్నారు. ఆ పని ఎలా ఉంటుందో చెప్పమని ఇంటికి వచ్చి అడిగారు. నోటితో చెబితే గొప్పలు మాత్రమే చెబుతానని నాకే అనుమానం వచ్చింది. అందుకని రాస్తున్నాను. నా పిల్లలిద్దరూ నిద్రపోయాకే కలం పట్టడం కుదురుతుంది. మధ్యమధ్యలో లేచి వెళ్లి వాళ్ల ముక్కు దగ్గర చెవి పెట్టి ఊపిరి వినొస్తాను. మా ఆయన దాన్ని పిచ్చి అంటారు. అనుకోనీ.

పని అంటే పాదాలు

కొండ ఎక్కించడం ఈ పనిలో చాలా చిన్న భాగం. అది ఎవరైనా నేర్చుకోవచ్చు. మిగిలినదంతా పాదాలు, మంచినీళ్లు, మరుగుదొడ్డి. ఇది వినడానికి మీకు బాగుండదు. కానీ పనిలోకి వెళ్లిన రెండో రోజుకే ఒప్పుకుంటారు.

నా మొదటి చలికాలంలో సాత్తూరు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. సాయంత్రం అందరినీ నిలబెట్టి, "కాళ్లు బాగున్నాయా?" అని అడిగాను. అందరూ బాగున్నాయన్నారు. ఆ పిల్లా అంది. దాని దగ్గర ఉన్నది ఒకే జత మేజోళ్లు. అవి తడిసిపోయాయి. చెప్పుకోవడానికి సిగ్గుపడి ఆ తడి మేజోళ్లతోనే పడుకుంది. మర్నాడు సుబేదారు గారు దాని బూట్లు విప్పించేసరికి రెండు వేళ్లు కొవ్వొత్తి రంగులో ఉన్నాయి. ఆ పాదాలను నా స్వెట్టరు కింద పొట్టకు ఆనించి పెట్టుకోమన్నారు. గంటసేపు అలాగే కూర్చున్నాను. రంగు తిరిగి వచ్చింది. ఆ చలి మాత్రం నాకు ఇప్పటికీ కడుపులో ఉంది.

ఆయన అరవలేదు. "నిన్న మీరు అడిగారు. అడగడం మీ పని కాదు, చూడడం మీ పని. పిల్లలు ఎప్పుడూ బాగున్నామనే అంటారు" అన్నారు.

నేను విన్న పాఠాల్లో అంత మంచిది లేదు. దాన్ని నేను సగమే నేర్చుకున్నాను. ఆ తర్వాత ప్రతి సాయంత్రం ప్రతి పాదం చేత్తో పట్టుకుని చూశాను. పాదాలు మాత్రమే చూశాను. ఆ సంగతి తర్వాత వస్తుంది.

మంచినీళ్ల సంగతి మన ఊళ్ల పిల్లలతో మరీ కష్టం. బిందెలు లెక్కపెట్టుకుని బతికిన వాళ్లం కదా, దాహం ఓర్చుకోవడం మనకు గొప్ప. పైగా నీళ్లు తాగితే ఆ చలిలో బయటికి వెళ్లాలి. అందుకని రోజంతా ఒక గ్లాసుతో సరిపెట్టేస్తారు. పెదాలు పగిలి, తలనొప్పితో మూలుగుతారు. తాగండని చెబితే లాభం లేదు. నేను సాయంత్రం పూట మిరియాల చారు కాచి పెద్ద గ్లాసుల్లో పోసేదాన్ని. నీళ్లు వద్దన్న పిల్లే మూడోసారి గ్లాసు చాపేది.

మనవాళ్లకు తెలిసిన విద్యా ఒకటుంది. వాన పడ్డాక నల్లరేగడి చేలో నడిచిన మనిషి, అడుగడుగుకూ కాలు విదిలించి, అంటుకున్న బంకమట్టి రాల్చుకుని మరో అడుగు వేస్తాడు. మధ్యాహ్నం మెత్తబడిన మంచు కూడా అలాగే బూటు కింద గడ్డకడుతుంది. పట్నం పిల్లలు ఆ గడ్డల మీద జారి పడుతుంటే, పుదూరు పక్క నుంచి వచ్చిన ఒక రైతు కూతురు టకటకా కాలు విదిలించుకుంటూ ముందుకు వెళ్లిపోయింది. ఎవరు నేర్పారని సుబేదారు గారు అడిగితే, "మా పత్తి చేను" అంది. ఇంటి నుంచి తెచ్చుకున్న విద్యను ఎప్పుడూ చిన్నచూపు చూడకండి. అది ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ ప్రాణం మీదికి తెస్తుందో కనిపెట్టడమే మీ ఉద్యోగం.

పది వేళ్లు

నాలుగో చలికాలంలో కోవిల్‌పట్టి నుంచి, మా వీధి నుంచే, నలుగురు అమ్మాయిలను తీసుకెళ్లాను. జయ, మేరీ, ముత్తు, రాజి. పదహారూ పదిహేడేళ్ల పిల్లలు. నలుగురివీ అగ్గిపెట్టెల పనిలో బతికే ఇళ్లే. అంతకుముందు అలాంటి ఇళ్ల నుంచి ఒక్కరు కూడా ఆ శిబిరానికి రాలేదు. తల్లులను ఒప్పించడానికి నెల రోజులు ఇల్లిల్లూ తిరిగాను. మేరీ వాళ్లమ్మ అందరికంటే చివర ఒప్పుకుంది. స్టేషనులో మేరీ రెండు చేతులూ తెచ్చి నా చేతుల్లో పెట్టింది.

"టీచరమ్మా, పది వేళ్లతో తీసకపోతుండావు. పది వేళ్లతో తెచ్చి ఇయ్యాల. సలికి వేళ్లు రాలిపోతాయంట గదా?"

"రాలవు పెద్దమ్మా. నేను చూసుకుంటాను."

"చూసుకో. నేను లెక్కపెట్టుకుంటా."

మేం దిగిన ఇల్లు ఆ ఊళ్లో అన్ని ఇళ్లలాంటిదే. కింద వంటగది, పక్కన పశువులు, పైన చెక్క గది, దాని ముందు చెక్క వసారా. ఇంటి పెద్దామెకు మోకాళ్ల నొప్పులు, మెట్లెక్కేది కాదు. పై గదికి పొగగొట్టం లేదు, అందుకని బొగ్గుల కుంపటి ఇచ్చేవాళ్లు. సుబేదారు గారి నియమం ఒకటి ఉండేది. రాత్రి పడుకునే ముందు కుంపటి వసారాలో పెట్టాలి. ఎందుకని ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. చెక్క ఇల్లు కదా, నిప్పు అంటుకుంటుందని నా అంతట నేనే అనుకున్నాను.

ఆ గదికి పలకల మధ్య సందులుండేవి. తలుపు పైన అరచేయంత కంత ఒకటి, దానికి మూత కూడా లేదు. మొదటి రాత్రి పిల్లలు వణికిపోయారు. పొద్దున్నే జయ నడుముకు చున్నీ చుట్టుకుని గదంతా పరీక్ష చేసింది.

"ఏమక్కా, ఈ ఇంటికి ఇన్ని సందులుండాయే! మా ఫ్యాక్టరీ ఓనరు చూస్తే దీన్ని పనికిరాదని పక్కన పడేస్తాడు."

"ఏమే ముత్తూ, వంటింట్లో మైదా ఉండాదా చూడు" అంది రాజి.

"తినేదానికి తెచ్చిన మైదా అది!"

"సలికి సచ్చినాక ఏం తింటావు?"

మైదా జిగురు కాచారు. డబ్బీలు అంటించే జిగురులో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలుపుతాం. అది లేదని ముత్తు బెంగపడింది. "ఈ సలికి పురుగు వస్తే, పాపం, దానికి కూడా ఒక రగ్గు ఇద్దాం" అంది మేరీ.

ఇక చూడాలి ఆ చేతులను. పాత పత్రికలను రెండు వేళ్ల వెడల్పున చించడం, ఒక్క దెబ్బకు జిగురు రాయడం, బొటనవేలితో ఒక కొస నుంచి మరో కొసకు లాగి నొక్కడం. ముడత లేదు, బుడగ లేదు. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి డబ్బీలు అంటించిన చేతులవి. జిగురు వదిలి సందు కనబడితే తిప్పి పంపుతారు, కూలి పోతుంది. అలా నేర్చుకున్న పని. మధ్యాహ్నానికి కిటికీ రెక్కలు, పలకలు, తలుపు అంచులు, అన్నీ మూసేశారు. గడియ వేస్తే తప్ప తలుపు మూసుకుని నిలవనంత మందంగా అంటించారు. జయ ఒక అగ్గిపుల్ల గీసి గోడ దగ్గర పట్టుకుంది.

"చూడక్కా, మంట ఆడలేదు. పోటో మాదిరి నిలబడింది."

"అది ఒకటే మిగిలింది" అని మేరీ తలుపు పైన కంత చూపించింది. "మాకు అందదు. నువ్వు పొడుగు గదా అక్కా."

నేను ట్రంకుపెట్టె ఎక్కాను. నాలుగు పొరలు వేసి, అంచులు బొటనవేలితో నొక్కి, ఆ కంత మూశాను. "అక్క చెయ్యి మర్చిపోలేదే!" అని ముత్తు చప్పట్లు కొట్టింది. చాలా ఏళ్ల తర్వాత డబ్బీ అంటించినట్టయింది. ఆ క్షణం నేనెంత పొంగిపోయానో ఇప్పుడు రాయాలంటే చెయ్యి ఆగుతోంది.

ఆ రాత్రి నియమం ప్రకారం కుంపటి వసారాలో పెట్టి పడుకున్నారు. వెచ్చగా నిద్రపట్టిందని పొద్దున్న ఒకటే సంబరం.

మర్నాడు మంచు పట్టుకుంది, నడకలు లేవు. పొద్దుటి నుంచి గదిలో కుంపటి. నియమం రాత్రి పడుకునే ముందు సంగతి కదా. పగలు ఆడుకుంటూ కూర్చున్న వాళ్లకు అది వర్తిస్తుందని వాళ్లకూ తోచలేదు, నాకూ తోచలేదు. అన్నానికి కిందికి దిగినప్పుడు మేరీ కంచంలో సగం వదిలేసింది.

"తల నొస్తాది అక్కా."

"నీళ్లు తాగావా?"

"తాగినా. రెండు గ్లాసులు."

"ఎత్తు ప్రాంతం కదా, అలాగే ఉంటుంది. ఈ మాత్ర వేసుకో. పైకెళ్లి వెచ్చగా పడుకో."

అడిగాను. దాని పాదాలూ చూశాను. మెట్లెక్కి ఆ గది చూడలేదు. చేతిలో మాత్ర పెట్టి దాన్ని నేనే ఆ గదిలోకి పంపాను.

గది

మెట్లెక్కి తలుపు కొట్టాను. జయ గొంతు ఎక్కడో బావిలోంచి వచ్చినట్టు వచ్చింది. "ఆ... వస్తుండా..." ఎవరూ రాలేదు. తలుపు తోశాను. గడియ వేసి ఉంది.

వసారాలో గోడకు ఆనించి ఉన్న మంచు గొడ్డలి తీసుకుని కిటికీ రెక్కల మధ్య పెట్టి పెకలించాను. లోపలి నుంచి కాగితం పర్రుమని చిరిగింది. ముఖానికి వేడి గాలి కొట్టింది. పొగ లేదు. వాసన లేదు. అందుకే మీకు ఇది గట్టిగా చెబుతున్నాను. ఎర్రగా రాజుకున్న బొగ్గులు పొగ చూపించవు, వాసన చూపించవు. కళ్లు మండవు, దగ్గు రాదు. మన ఊళ్లో పొయ్యి పెరట్లో ఉంటుంది, పెంకుల సందుల్లోంచి ఆకాశం కనబడుతుంది. పొగ లేని నిప్పు మంచి నిప్పు అని మనం పుట్టినప్పటి నుంచి నమ్ముతాం. మూసిన గదిలో మనిషిని తీసుకుపోయేది ఆ నిప్పే.

కిటికీలోంచి దూరాను. జయ గోడకు ఆనుకుని కళ్లు తెరుచుకునే కూర్చుంది. ఒళ్లో నాలుగు రాళ్లు. ఎగరేసిన అయిదో రాయి కోసం చాపిన అరచెయ్యి ఇంకా అలాగే తెరిచి ఉంది. ముత్తు, రాజి ఒకరి మీద ఒకరు ఒరిగి ఉన్నారు. మేరీ రగ్గు కప్పుకుని పక్కకు తిరిగి పడుకుంది. నా మాట ప్రకారమే పడుకుంది. పిలిస్తే పలకలేదు. తట్టినా పలకలేదు.

గడియ తీసి, పక్కింట్లో దిగిన సుబేదారు గారిని కేక వేసి, ఒక్కొక్కరిని చంకల కింద పట్టుకుని వసారాలోకి ఈడ్చాను. ఆయన పరుగున వచ్చి తక్కిన వాళ్లను అందుకున్నారు. చల్లగాలి తగిలిన కాసేపటికి జయ వాంతి చేసుకుంది, రాజి ఏడుపు మొదలుపెట్టింది, ముత్తు తూలుతూ లేచి కూర్చుంది. మేరీ ఒక్కతే కదల్లేదు. ఊపిరి ఉంది, ఉందా అని చెవి పెట్టి వెతుక్కోవలసినంత సన్నగా.

అప్పుడు ఇంటి పెద్దామె మెట్లెక్కి వచ్చింది. మేము అక్కడ దిగాక ఆమె పైకి రావడం అదే మొదటిసారి. తలుపు పైన నా కాగితం చూసి నుదురు కొట్టుకుంది. కుంపటిని పట్టకారుతో ఎత్తి మంచులోకి విసిరేసింది. కూర్చుని మేరీ తల ఒళ్లో పెట్టుకుంది. పైన రగ్గులు కప్పాం, ముఖానికి మాత్రం గాలి అడ్డు లేకుండా చూశాం. రోడ్డు మూసుకుపోయింది, మర్నాటి దాకా జీపు రాదు. ఆ వసారాలో కూర్చుని నేను మేరీ చేతి వేళ్లు ఒక్కొక్కటే రుద్దుతూ పోయాను. పది అయ్యాక మళ్లీ మొదటి నుంచి. వాళ్లమ్మ నాకప్పగించింది ఆ పది వేళ్లనే.

వెలుగు తగ్గే వేళకు మేరీ కళ్లు తెరవకుండానే, "అమ్మా, సలి" అంది.

ఆ మాట కోసమే కూర్చున్నామన్నట్టు పెద్దామె నవ్వింది. ఆ భాష ఆమెకు రాదు. అయినా అర్థమయింది.

సుబేదారు గారి మాట

పిల్లలు కింద వంటగదిలో చారు తాగుతుండగా సుబేదారు గారు నన్ను పక్కకు పిలిచారు.

"కొండ జబ్బు అని చెబుదాం. తలనొప్పి, వాంతి, మగత, అన్నీ దానివే. అంత అబద్ధమేమీ కాదు."

"డాక్టరుకు?"

"డాక్టరుకు నిజమే చెబుతాను. వైద్యం సరిగ్గా జరగాలి. నేననేది పిల్లలకు, వాళ్ల ఇళ్లకు."

నేను పిల్లల వైపు తిరిగి చూశాను.

"మీ వీధి నుంచి వచ్చిన మొదటి నలుగురు వీళ్లు. నిజం చెబితే చివరి నలుగురు కూడా వీళ్లే. ఇల్లిల్లూ తిరిగింది మీరే కదా. ఇంకెవరినైనా పంపుతారా? మీరు ఒక్కరు మంచివారనిపించుకోవడానికి ఎంతమంది పిల్లల దారి మూస్తారు?"

ఆయన పిరికివాడు కాదు. మంచు పెళ్లలు విరిగిపడే వాలు మీద పిల్లలందరినీ దాటించి చివర దాటే మనిషి. ఆయన మాట తీసిపారేయదగింది కూడా కాదు. ఆ తర్వాత రెండు చలికాలాలు మా ఊరి నుంచి ఒక్క పిల్లా రాలేదు. మూడో ఏడు ఏడుగురు వచ్చారు, వాళ్లలో మేరీ చెల్లెలు ఉంది. అది అప్పుడు నాకెలా తెలుస్తుంది? ఆ రాత్రి నాకు తెలిసిందల్లా ఆయన చెప్పినట్టే జరగవచ్చని.

కిటికీ బార్లా తెరిచి, నలుగురినీ వంటగదిలో వరసగా పడుకోబెట్టి, తెల్లవార్లూ వాళ్ల ఊపిరి విన్నాను. నా సొంత పిల్లలు అప్పటికి పుట్టలేదు. తల్లినయ్యాక కొత్తగా నేర్చుకున్న భయం అంటూ ఏమీ లేదు, అంతా ఆ రాత్రే నేర్చుకున్నాను.

ఈ పనిలోకి వెళ్తున్న మీకు నా సలహా ఒక్కటే. కొండ మీద ఎక్కడ అడుగు వేయాలో పెద్దవాళ్లు చెప్పింది వినండి. నియమం చెబితే ఎందుకో అడగండి, విసుక్కున్నా అడగండి. పిల్లల తల్లులకు ఏం చెప్పాలన్నది మాత్రం ఎవరినీ అడగకండి. ఆ తల్లి మాట ఇప్పించుకున్నది మీ చేత.

మర్నాడు పొద్దున

తెల్లారేసరికి మంచు ఆగింది. జీపు బయలుదేరిందని కబురు వచ్చింది. సామాను సర్దుకోవడానికి పైకి వెళ్తే అక్కడ జయ గోడ మీది కాగితాలను గోళ్లతో గీకుతోంది. వేలి కొసలు ఎర్రబడ్డాయి. బాగా అంటించిన జిగురు కదా, రావడం లేదు.

"మేము చేసిందే గదక్కా ఇది?" అంది నా వైపు తిరగకుండా. "మా జిగురు మేరీని సంపేసుండేది."

ముత్తు, రాజి తలుపు దగ్గర నిలబడ్డారు. వాళ్ల వెనకే మేరీ, రగ్గు కప్పుకుని, పెద్దామె భుజం పట్టుకుని. నలుగురూ రాత్రి అదే అనుకుంటూ పడుకున్నారని అప్పుడు తెలిసింది. కొండ జబ్బు అన్న మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. ఆ మాట అంటే జయ గీకడం ఆపేస్తుంది. అందరికీ తేలిక.

ట్రంకుపెట్టె లాక్కుని ఎక్కాను. తలుపు పైన నేను అంటించిన నాలుగు పొరలనూ ఒక్కసారిగా పీకేశాను. కంతలోంచి చల్లగాలి సూటిగా గదిలోకి వచ్చింది. దిగి వాళ్లతో మన ఇంటి భాషలోనే చెప్పాను.

"జిగురు తప్పు లేదు జయా. మీరు నేర్చిన పని మీరు బాగా చేసినారు. సందు కనబడితే మూయాల అని మీకు చెప్పినారు, మూసినారు. ఈ కంత ఏంటికి వదిలినారు అని ఇంటామెను అడగాల్సింది నేను. బొగ్గుల నిప్పుకు గాలి దోవ ఉండాల. లేకుంటే అది మనిషిని నిద్రలోనే తీసకపోతాది, వాసన కూడా రాదు. కుంపటి బయట పెట్టమని నాకు చెప్పినారు, ఏంటికో నేను అడగలేదు. ఈ కాగితం అంటించింది నేను. తల నొస్తాది అని మేరీ చెప్తే గది చూడకుండా పైకి పంపించింది నేను. మీ ఇండ్లల్లో కొండ జబ్బు అని చెప్పబాకండి. ఇప్పుడు నేను చెప్పిందే, నా పేరు పెట్టి, మీ అమ్మలకు చెప్పండి."

మేరీ రగ్గులోంచి ముఖం బయటికి పెట్టింది.

"మా అమ్మ నిన్ను తిడతాది అక్కా. వీధంతా వినేటట్టు తిడతాది."

"తిట్టనీ" అన్నాను. "ముందు నీ వేళ్లు లెక్కపెట్టుకోమను. తర్వాత తిట్టమను."